సందులో గాలి

రెండు తెరచాపలున్న పడవలో ముందు చాపకీ వెనక చాపకీ మధ్య ఒక సన్నటి సందు ఉంటుంది. ఆ ఇరుకు సందులోకి దూరిన గాలి వేగం పుంజుకుని, వెనక చాప వీపు మీదుగా దూసుకుపోతుందని, అందుకే రెండు చాపల పడవ అంత బాగా నడుస్తుందని పడవ పందేల ప్రపంచం దాదాపు యాభై ఏళ్ళు నమ్మింది. ఆ నమ్మకం మీద పుస్తకాలు రాసుకుంది, బొమ్మలు గీసుకుంది, కొత్తగా వచ్చినవాళ్ళకి పాఠాలు చెప్పింది. ఆ నమ్మకంతోనే పందేలు కూడా గెలిచింది. 1971లో, విమానాల రెక్కల మీద పనిచేసే ఒక ఇంజనీరు వచ్చి, ఆ సందులో గాలి వేగం పెరగడం లేదు, తగ్గుతోంది అని చూపించాడు.

సైన్సు చరిత్రలో తప్పు సిద్ధాంతాలకి కొదవేం లేదు. కానీ చాలాచోట్ల సిద్ధాంతం తప్పయితే దాని మీద కట్టిన పని కూడా ఎక్కడో కూలుతుంది. ఇక్కడ అలా జరగలేదు. పడవ నడిపేవాళ్ళు చాపని సరైన చోటే పెడుతున్నారు. ఎందుకు పెడుతున్నారో మాత్రం తప్పుగా చెప్పుకుంటున్నారు. మరి పని సవ్యంగా జరిగిపోతున్నప్పుడు వివరణ తప్పయితే నష్టమేమిటి? ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే.

అయిదు సెంటీమీటర్ల కథ

ముందు రెండు మూడు మాటల అర్థాలు చూద్దాం. హుస్సేన్ సాగర్‌లో పడవ పందేలు జరిగేటప్పుడు ట్యాంక్ బండ్ మీద ఆగి చూసినవాళ్ళకి రెండు రకాల పడవలు కనిపించి ఉంటాయి. లేజర్ అనే రకానికి ఒకటే చాప. 420 అనే రకానికి మాస్టుకి, అంటే నిలువు స్తంభానికి, ముందొకటి, వెనకొకటి. వెనకున్న పెద్ద చాప పేరు మెయిన్. ముందున్నది జిబ్. జిబ్ కింది అంచు వెనక మూలకి కట్టిన తాడుని షీట్ అంటారు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళందరూ మొదట తికమకపడేది ఈ మాట దగ్గరే. షీట్ అంటే గుడ్డ కాదు, తాడు.

ఆ తాడు పడవ మీద బిగించిన ఒక చిన్న కప్పీ గుండా తిరిగి మనిషి చేతికి వస్తుంది. అసలు సంగతంతా ఆ కప్పీ ఎక్కడుంది అన్నదే. జిబ్ ముందు మూల దగ్గర నిలబడి వెనక్కి చూస్తున్నామనుకోండి. పడవ నడిమధ్య గీతకీ, మన నుంచి ఆ కప్పీకి గీసిన గీతకీ మధ్యనున్న కోణమే షీటింగ్ కోణం. మామూలుగా అది ఏడు నుంచి పన్నెండు డిగ్రీల మధ్య ఉంటుంది. కప్పీ మూడు మీటర్ల దూరంలో ఉంటే ఒక డిగ్రీ మార్పు అంటే కప్పీ పక్కకి అయిదు సెంటీమీటర్లు జరగడం. పందెంలో ముందుండటమా, వెనకబడటమా అన్నది ఒక్కోసారి ఆ అయిదు సెంటీమీటర్లలోనే తేలిపోతుంది.

ఎందుకంటే గాలికి ఎదురుగా ఏ తెరచాప పడవా నేరుగా పోలేదు. సుమారు నలభై అయిదు డిగ్రీల ఏటవాలుగా, ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ మలుపులు తిరుగుతూ పైకి ఎగబాకాలి. ఆ ప్రయాణంలో చాపల మీద పుట్టే బలంలో ఎక్కువ భాగం పడవని పక్కకి తోస్తుంది. కొంచెమే ముందుకి లాగుతుంది. పక్కతోపుని నీళ్ళలో దిగి ఉన్న పలక అడ్డుకుంటుంది కాబట్టి పడవ ముందుకి కదులుతుంది. కప్పీని లోపలికి జరిపితే పడవ ముక్కుని గాలి వైపు ఇంకాస్త తిప్పవచ్చు, అంటే దారి దగ్గరవుతుంది. కానీ ముందుకి లాగే వాటా తగ్గుతుంది. జిబ్‌ని చదునైన పలక అనుకుని మోటుగా లెక్కేస్తే, పది డిగ్రీల దగ్గర బలంలో 17 శాతం ముందుకి పనిచేస్తుంది. ఎనిమిది డిగ్రీల దగ్గర 14 శాతమే. అసలు చాప వంపు తిరిగి ఉంటుంది కనక ఈ అంకెలు ఉన్నవున్నట్టు వర్తించవు. బేరం ఎలాంటిదో తెలియడానికి మాత్రం సరిపోతాయి. నీళ్ళు చదునుగా ఉండి, గాలి మధ్యరకంగా ఉంటే కప్పీ లోపలికి. అలలు పెద్దవై గాలి ఉధృతమైతే బయటికి. ఇది నావికులు అనుభవం మీద పట్టుకున్న సూత్రం. 1960లలో శాన్ డియెగోకి చెందిన బార్బర్ అనే కవల సోదరులు షీట్‌ని పక్కకి లాగి ఈ కోణాన్ని మార్చే ఒక చిన్న తాడు ఏర్పాటు చేశారు. దాన్ని ఇప్పటికీ బార్బర్ హాలర్ అనే పిలుస్తారు. అప్పటికి ఎవరి దగ్గరా సరైన సిద్ధాంతం లేదు. చెయ్యి చెప్పింది, చేశారు.

ఒక డాక్టరు, ఒక రెక్క

సందు సిద్ధాంతానికి పడవల లోకంలో పెద్ద ప్రచారకుడు మాన్‌ఫ్రెడ్ కరీ. 1899లో మ్యూనిక్‌లో ఒక అమెరికన్ కుటుంబంలో పుట్టాడు. వృత్తికి డాక్టరు, ప్రవృత్తికి పడవ పందేలవాడు. 1925లో తెరచాపల వాయుగతిశాస్త్రం మీద జర్మన్‌లో పుస్తకం రాశాడు. అది 1928లో ఇంగ్లీషులోకి వచ్చి చాలా కాలం పందేలవాళ్ళకి ప్రామాణిక గ్రంథమైంది. తాడుని పళ్ళ మధ్య పట్టి ఆపే చిన్న బిగింపుని జర్మన్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. చేతిపని తెలిసినవాడు, కళ్ళు తెరుచుకుని చూసినవాడు. పక్షి రెక్కల్ని గమనించి చాప ఆకారం గురించి ఆలోచించాడు.

ఆయన కాలంలో విమానాల్లో ఒక కొత్త వింత వచ్చింది. గుస్టావ్ లాఖ్‌మన్ అనే జర్మన్ పైలట్ 1917లో, గాల్లో విమానం పట్టు తప్పడంతో కూలిపోయి ఆసుపత్రి పాలయ్యాడు. మంచం మీద ఉన్నప్పుడు రెక్క ముందు భాగంలో ఒక సందు పెడితే ఈ పట్టు తప్పడం ఆలస్యమవుతుందేమో అనే ఆలోచన వచ్చింది. ఇంచుమించు అదే రోజుల్లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాండ్లీ పేజ్ కూడా సొంతంగా అక్కడికే చేరుకున్నాడు. సందున్న రెక్క నిజంగానే బాగా పనిచేసింది. ఎందుకు పనిచేస్తోందన్నదానికి అప్పట్లో ప్రచారంలో ఉన్న జవాబు, సందులోంచి దూసుకొచ్చే గాలి రెక్క పైభాగంలో నీరసించిన గాలికి కొత్త ఊపిరి పోస్తుందని.

కరీ ఈ రెక్కనీ, తన పడవనీ పక్కపక్కన పెట్టి చూశాడు. ముందు చిన్న రెక్క, వెనక పెద్ద రెక్క, మధ్యలో సందు. ముందు జిబ్, వెనక మెయిన్, మధ్యలో సందు. ఇంకేం కావాలి? జిబ్ గాలిని గరాటులాగా మెయిన్ వీపు మీదకి మళ్ళిస్తుంది, అక్కడ గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది, మెయిన్ బలం పెరుగుతుంది. అంటే జిబ్ అసలు గొప్పతనం తన సొంత బలంలో కన్నా మెయిన్‌కి చేసే సేవలో ఉందన్నమాట.

సరిగ్గా ఆ రోజుల్లోనే సందు ఇంకా పొడుగైంది. స్వీడన్ ఓడల వ్యాపారి స్వెన్ సాలెన్ 1926లో జెనోవాలో జరిగిన పందేనికి మాస్టుని దాటి వెనక్కి, మెయిన్ మీదకి పరుచుకునే పెద్ద జిబ్ పట్టుకొచ్చాడు. ఆ ఊరి పేరే ఆ చాపకి స్థిరపడింది, జెనోవా అని. అప్పటి కొలతల నిబంధనలు మాస్టుకి ముందున్న త్రికోణాన్ని లెక్కలోకి తీసుకునేవి. మాస్టు దాటి వెనక్కి పోయిన గుడ్డకి లెక్క లేదు, కాబట్టి అది ఉచితంగా దొరికిన చాప. అది గెలవడానికి ఈ ఒక్క కారణమే చాలు. కానీ గెలుపుకి కారణం వెతుక్కునేవాళ్ళకి సందు సిద్ధాంతం అప్పటికే చేతిలో సిద్ధంగా ఉంది. చాపలు ఎంత మేర ఒకదాని మీద ఒకటి పడితే సందు అంత పొడుగు, సందు ఎంత పొడుగైతే గాలికి అంత ఊపు!

వెంచురీ ఎందుకు కాదు

ఇంజనీరింగ్ చదివిన ప్రతివాడూ రెండో ఏడాది ల్యాబులో వెంచురీ మీటరు చూసే ఉంటాడు. గొట్టం మధ్యలో సన్నబడుతుంది, అక్కడ నీళ్ళు వేగంగా పోతాయి, పీడనం పడిపోతుంది, మానోమీటరులో పాదరసం కదులుతుంది. రికార్డు రాసుకుని బయటపడతాం. సందు సిద్ధాంతం వినగానే మనకి ఆ గొట్టమే గుర్తొస్తుంది, అందుకే వెంటనే నమ్మేస్తాం. ఒక వారాంతపు శిక్షణ తరగతిలో నాకు పడవ నేర్పినాయన కూడా రెండు అరచేతులు దగ్గరికి తెచ్చి, వేళ్ళ మధ్యలోంచి ఉఫ్ మని ఊది మరీ చూపించాడు. తరగతి మొత్తం తలూపింది.

తేడా ఎక్కడుందంటే, గొట్టంలో నీటికి వేరే దారి లేదు. వచ్చిన నీరంతా ఆ సన్నటి చోటు గుండానే పోయి తీరాలి. పడవ చుట్టూ గాలికి ఆకాశమంత దారి ఉంది. ఎదురుగా ఇరుకు సందు కనిపిస్తే అందులోకి దూరాలన్న నిర్బంధం దానికేమీ లేదు. పక్కనుంచి వెళ్ళిపోతుంది. జాతరలో ఇరుకు వీధి కనిపిస్తే జనం పెద్ద వీధిలోకి మళ్ళినట్టే.

ఈ సంగతి లెక్కల భాషలో తేల్చి చెప్పినవాడు ఆర్వెల్ జెంట్రీ. కాలిఫోర్నియాలో డగ్లస్ విమాన కంపెనీలో వాయుగతిశాస్త్ర నిపుణుడు, సెలవు రోజుల్లో తన సొంత పడవ నడుపుకునే మనిషి. రెక్కల చుట్టూ గాలి ఎలా పోతుందో లెక్కకట్టడం పగటి ఉద్యోగం. పడవల పుస్తకాల్లోని సందు బొమ్మలు ఆ లెక్కలతో పొసగవని ఆయనకి అర్థమైంది. 1971 నవంబరులో రెడొండో బీచ్‌లో తెరచాప పడవల మీద జరిగిన ఒక సదస్సులో, రెండు చాపల పరస్పర ప్రభావం మీద పత్రం చదివాడు. 1973లో సెయిల్ పత్రికలో మామూలు పడవలవాళ్ళకి అర్థమయ్యేట్టు వ్యాసాల వరసగా రాశాడు.

ఆయన వాడిన పరికరం నాకు చాలా ఇష్టం. విద్యుత్తు ప్రసరించే ఒక కాగితం. దాని రెండు అంచులకీ వోల్టేజి ఇచ్చి, మధ్యలో చాప ఆకారాన్ని లోహపు రంగుతో గీసి, ఒకే వోల్టేజి ఉన్న చుక్కల్ని కలుపుకుంటూ పోతే వచ్చే గీతలే గాలి పోయే దారులు. జిగట లేని గాలి ప్రవాహానికీ, కాగితంలో విద్యుత్తుకీ సమీకరణం ఒకటే, లాప్లాస్ సమీకరణం. జర్మన్ గణితజ్ఞుడు కుట్టా 1902లో చెప్పినట్టు, గాలి చాప వెనక అంచుని నునుపుగా విడిచి వెళ్ళేదాకా చాప వోల్టేజిని సరిచేసుకోవాలి. పెద్ద కంప్యూటరు అక్కర్లేదు. ఎవరైనా ఇంట్లో బల్ల మీద చేసి చూసుకోవచ్చు. తనని నమ్మమని అడక్కుండా, మీరే గీసి చూడండి అనడం అది.

ఎవరు ఎవరికి సాయం

ఆ గీతలు ఏం చెప్పాయంటే:

మెయిన్ ఒక్కటే ఉన్నప్పుడు, దాని ముందు అంచు చుట్టూ గాలి చాలా వేగంగా వంపు తిరిగి వీపు వైపు పోతుంది. జిబ్ వచ్చి ముందు నిలబడగానే గాలిలో పెద్ద వాటా జిబ్ వీపు వైపుకి మళ్ళిపోతుంది. సందులోకి వచ్చే గాలి తగ్గుతుంది. వచ్చిన గాలి కూడా మొదట నెమ్మదిస్తుంది. సందు ఇరుకయ్యే చోట మళ్ళీ పుంజుకుంటుంది గానీ, అది పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోవడమే. మెయిన్ ముందు భాగంలో, జిబ్ లేనప్పటి వేగంతో పోలిస్తే, ఇప్పుడు తక్కువ. అంటే జిబ్ వల్ల మెయిన్ బలం తగ్గుతుంది!

మరి లాభమెక్కడ? జిబ్‌లో. మెయిన్ తన ముందున్న గాలిని వంచుతుంది. ఆ వంపు వల్ల జిబ్‌కి గాలి మరింత అనుకూలమైన కోణంలో తగులుతుంది. దానికి తోడు జిబ్ వెనక అంచు, మెయిన్ వల్ల గాలి వేగంగా పోతున్న చోట ఉంటుంది. జిబ్ వీపు మీద గాలి చివర్లో ఎక్కువగా నెమ్మదించాల్సిన అవసరం లేకుండా ఆ వేగంతోనే కలిసిపోతుంది. కనక జిబ్ వీపు పొడుగునా వేగం పెరుగుతుంది, బలం పెరుగుతుంది. సేవ చేస్తున్నది మెయిన్, సేవ అందుకుంటున్నది జిబ్. సొమ్మొకడిది, సోకొకడిది.

మెయిన్‌కి దక్కే లాభం ఒకటుంది. ముందు అంచు దగ్గర వేగం తగ్గింది కాబట్టి, ఆ తర్వాత గాలి మరీ హఠాత్తుగా నెమ్మదించనక్కర్లేదు. అందువల్ల గాలి మెయిన్ వీపుని విడిచిపెట్టి చెదిరిపోకుండా అంటిపెట్టుకుని ఉంటుంది. జిబ్ లేనప్పుడు నిలవని కోణంలో కూడా మెయిన్ నిలుస్తుంది. ఫలితం కరీ చెప్పిన ఫలితమే, కారణం పూర్తిగా తలకిందులు.

కరీ ఆదర్శంగా తీసుకున్న విమానం రెక్క కథ కూడా ఇదే దారి పట్టింది. డగ్లస్‌లోనే పనిచేసిన ఎ.ఎం.ఓ. స్మిత్ 1974లో ఇచ్చిన రైట్ సోదరుల స్మారకోపన్యాసంలో, సందున్న రెక్కలు ఎందుకు పనిచేస్తాయో అయిదు కారణాలుగా విడదీసి చెప్పాడు. సందులోంచి ప్రత్యేకమైన శక్తి ఉన్న గాలి వచ్చిపడుతుందన్న పాత మాట వాటిలో లేదు. సందు బయటి గాలికీ లోపలి గాలికీ మొత్తం శక్తిలో తేడా లేదు కదా అన్నాడు. కరీ ఎరువు తెచ్చుకున్న వివరణ, ఇచ్చినవాళ్ళ దగ్గరే నిలవలేదు.

అయితే ఏమిటి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. నావికుడికి ఇదంతా ఎందుకు? కప్పీ ఎలాగూ ఎనిమిదో తొమ్మిదో డిగ్రీల దగ్గరే ఉంటుంది కదా.

నా ఉద్యోగంలో రోజూ ఎదురయ్యే వ్యవహారం ఒకటుంది. కోడ్ సరిగ్గా పనిచేస్తుంటుంది, దాని పైన రాసిన కామెంటు మాత్రం అబద్ధం చెబుతుంటుంది. కోడ్ జోలికి ఎవరూ పోనంతకాలం అబద్ధపు కామెంటు వల్ల ఏ హానీ లేదు. ఎవరో ఒకరు దాన్ని చదివి, నమ్మి, దాని ప్రకారం కోడ్‌ని మెరుగుపరచబోయిన రోజున మొదలవుతుంది కష్టం. సందు సిద్ధాంతం అలాంటి కామెంటు. అలవాటైన పడవలో, అలవాటైన గాలిలో అది అడ్డు రాదు. కొత్త పరిస్థితి వచ్చినప్పుడు అది చెప్పే సలహా చూడండి: సందు ఇరుకైతే గాలికి ఊపు, కాబట్టి ఇంకా ఇరుకు చెయ్యి, కప్పీ లోపలికి జరుపు. అలా జరుపుతూ పోతే మెయిన్ ముందు భాగం లోపలికి ఉబ్బడం మొదలవుతుంది. దానికీ పాత పుస్తకాలు ఒక కథ చెప్పాయి, జిబ్ గాలిని మెయిన్ మీదకి ఊదుతోందని. ఎవరూ ఊదడం లేదు. సందులో గాలి బాగా నెమ్మదించి, చాపకి రెండు వైపులా పీడనం సమానమైపోయింది, అంతే. గుడ్డని నిలబెట్టే తేడా లేక అది ఊగుతోంది.

ఇంకా ముఖ్యమైనది, వివరణ మన కళ్ళని ఒక చోటికి తిప్పుతుంది. సందు సిద్ధాంతం నమ్మినవాడు సందుకేసి చూస్తాడు, దాని వెడల్పు కొలుస్తాడు. జెంట్రీని చదివినవాడు జిబ్ ముందు అంచు చూస్తాడు, ఎందుకంటే బలం పుట్టేదీ, ముందుగా చెడేదీ అక్కడే. అక్కడ చాపకి రెండు వైపులా ఉన్ని పోగులు అతికిస్తారు. జెంట్రీ ఆ అంచు వెంట పొట్టి పోగుల్ని వరసగా పెట్టమన్నాడు, వాటికి ఆయన పేరే వచ్చింది. ఎన్ని పోగులు తిరగబడ్డాయో చూస్తే గాలి ఎంత మేర చెదిరిందో తెలుస్తుంది. పై పోగులు ముందుగా చెదిరితే కప్పీ ముందుకి, కింది పోగులు ముందుగా చెదిరితే వెనక్కి. ఆ తర్వాత లోపలికా బయటికా అన్న బేరం. 1974లో అమెరికా కప్ నిలబెట్టుకున్న కరేజియస్ పడవ మాస్టు ఆకారంలో ఆయన చెయ్యి ఉందంటే, ఈ చూపుకి విలువ కట్టినవాళ్ళు ఉన్నారన్నమాటే.

దీన్ని బట్టి కరీని వెక్కిరించాలని నాకు అనిపించదు. పద్యం చెప్పేవాడి చెవికి యతి ముందే తెలుసు. లక్షణకర్త తర్వాత వచ్చి కారణం చెబుతాడు. ఆ కారణం ఒప్పో తప్పో పద్యానికి పట్టదు. కరీలో ఆ ఇద్దరూ ఉన్నారు. నావికుడు కరీ చూసింది నిజం, రెండు చాపలు కలిసి ఒకే యంత్రంలా పనిచేస్తాయని, వాటి మధ్య దూరం కీలకమని. లక్షణకర్త కరీ తొందరపడ్డాడు. చేతికందిన పోలికని కారణం అనుకున్నాడు. ఆ తొందర ఆయన్ని తర్వాత కూడా వదల్లేదు. చివరి రోజుల్లో భూమి నుంచి గళ్ళు గళ్ళుగా కిరణాలు వస్తాయని, వాటి వల్ల జబ్బులు వస్తాయని రాశాడు. ఆ గళ్ళకి కూడా ఆయన పేరే ఉంది.

పాత వివరణ ఇప్పటికీ చావలేదు. అరచేతులతో చూపించగలిగిన వివరణకి ఆయుష్షు ఎక్కువ. జెంట్రీ వివరణని చేతులతో చూపించలేం, కాగితమూ వోల్టేజీ కావాలి, కాస్త ఓపికా కావాలి. గాలి కనిపించదు కాబట్టి దాని గురించి ఏ కథైనా చెప్పుకోవచ్చు. చాప అంచున ఆడే ఉన్ని పోగు మాత్రం ఎవరి కథా వినదు. వినేది గాలి మాటే. దానికేసి చూడాలని తెలియడానికి పందేల లోకానికి అంత కాలం పట్టింది.